వెబ్‌లో టైమ్ లెక్కలు, 4వ పాఠం: తేడా కాదు, జోన్ పేరు దాచండి

కిందటి పాఠంలో సర్వర్ గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి టైమ్‌లో, పెట్టాం. మన విజయనగరం దానికి ఎప్పుడూ 5 గంటల 30 నిమిషాలు ముందే ఉంటుంది. గంటస్తంభం గడియారాన్ని వేసవి వస్తోందని గంట ముందుకి తిప్పడం మనం ఎరగం. అందుకే ఈ తేడా ఏ దేశంలోనైనా మారదని అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక పెద్దాయన్ని ఇబ్బంది పెట్టాను.

ఆయన ఇక్కణ్నుంచే న్యూజెర్సీలో ఉన్న పాపకి ఆన్‌లైన్‌లో వయొలిన్ నేర్పే మాస్టారు. పాపకి ఆదివారం పొద్దున్న 8:30, మాస్టారికి సాయంత్రం 7. బుకింగ్ పేజీ రాసింది నేనే. డేటాబేస్‌లో పాప టైమ్ పక్కన ‘మైనస్ 5:00’, అంటే యూటీసీకి 5 గంటలు వెనక, అని పెట్టాను. ఫిబ్రవరి దాకా బాగానే నడిచింది. మార్చి రెండో ఆదివారం మాస్టారి ఫోన్: "బాబూ, శ్రుతి చేసుకుని కూర్చున్నాను, పాప రాలేదేంటి?"

పాప వచ్చింది, చూసి చూసి వెళ్లిపోయింది. అమెరికాలో చాలా చోట్ల ఆ రోజు తెల్లవారుజామున 2 కాగానే గడియారం 3కి దూకుతుంది. నవంబర్ మొదటి ఆదివారం 2 నుంచి మళ్లీ 1కి వస్తుంది. 2007 నుంచి అక్కడ ఇవే తేదీలు. పాప తన గడియారంలో 8:30కే కూర్చుంది, అప్పుడు మనకి సాయంత్రం 6. నా పేజీ మాత్రం 7 అనే చూపించింది.

‘మైనస్ 5’ చలికాలపు తేడా మాత్రమే. అది ఎప్పుడు మారాలో తెలియాలంటే ‘అమెరికా/న్యూయార్క్’ అన్న జోన్ పేరు కావాలి, న్యూజెర్సీ కూడా దాని కిందికే వస్తుంది. ఈ పేర్లు, వాటి రూల్స్ ఐయానా (ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసే సంస్థ) టైమ్‌జోన్ డేటాబేస్‌లో ఉంటాయి, మనది ‘ఏషియా/కోల్‌కతా’. యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, మన గడియారాలు కూడా గంట ముందుకి జరిగి 6:30 తేడాతో నడిచాయి. అదీ అందులో రాసి ఉంది.

జరిగిపోయినవాటిని, అంటే డబ్బు కట్టిన టైమ్ లాంటివాటిని, యూటీసీలోనే దాచండి. జరగబోయే క్లాసుకి మాత్రం తేదీ, అక్కడి గోడ గడియారం టైమ్, జోన్ పేరు మూడూ దాచి, చూపించేటప్పుడు లెక్క కట్టండి. ప్రభుత్వాలు రూల్స్ మార్చినా, టైమ్‌జోన్ డేటా అప్‌డేట్ చేసుకుంటే చాలు.

ఇక అభ్యాసం. 2026 నవంబర్ 1న న్యూయార్క్‌లో తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వస్తుంది. విజయనగరంలో మొదటిది ఉదయం 11, రెండోది మధ్యాహ్నం 12. మీ కోడ్‌కి 1:30 ఇచ్చి, ఏది ఎంచుకుంటుందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.