భుజం దెబ్బ మానినా రెక్క ఎముక గాడి తప్పితే

సమస్య: ఎముక అతుక్కుంది, ఎక్స్‌రే బాగానే ఉంది, అయినా అటక మీది డబ్బా దించబోతే భుజం కలుక్కుమంటోంది. ఇలాంటప్పుడు కీలు ఒక్కదాన్నే కాక వీపు మీది రెక్క ఎముకను కూడా చూడాలి. చెయ్యి నిలువునా లేవడానికి కావలసిన సుమారు 180 డిగ్రీల కదలికలో దాదాపు 60 డిగ్రీలు ఆ ఎముక పక్కటెముకల మీద జారుతూ తిరగడం వల్లనే వస్తాయి.

గుర్తించడం: చొక్కా తీసి నిలబడి, రెండు చేతులనూ ముందుకు ఎత్తి మెల్లగా దించుతుండగా వెనుక నుంచి ఎవరి చేతనైనా ఫోనులో వీడియో తీయించండి. లోపం ఎక్కువగా దించేటప్పుడే బయటపడుతుంది. ఎముక లోపలి అంచు చర్మం కింద గట్టులా లేస్తుంది, లేదా ఎముక ఒక్కసారిగా కిందికి జారుతుంది. నొప్పి లేనివారిలోనూ కుడి ఎడమల మధ్య కొంత తేడా ఉంటుంది కాబట్టి, ఆ తేడా ఒక్కదానికే భయపడనక్కరలేదు.

కారణం: చాలామందిలో చెయ్యి వారాల తరబడి స్లింగ్‌లో ఉండటంతో రెక్క ఎముకను పక్కటెముకలకు ఆనించి ఉంచే సెరేటస్ యాంటీరియర్ కండరం, మెడ నుంచి వీపు మధ్య దాకా పరచుకున్న ట్రపీజియస్ కండరం దిగువ భాగం నీరసించి, వాటి పని మెడ పక్క కండరం మీద పడుతుంది, ఛాతీ ముందున్న పెక్టోరాలిస్ మైనర్ కండరం బిగిసి ఎముకను ముందుకు వంచుతుంది. కాలర్ ఎముక పొట్టిగా అతుక్కున్నా ఇదే జరుగుతుంది. మీరు చెయ్యెత్తుతుండగా ఫిజియోథెరపిస్టు రెక్క ఎముక కింది కొనను పైకి, బయటికి నెట్టినప్పుడు నొప్పి తగ్గిందంటే, వ్యాయామం ఫలిస్తుందని నమ్మకం పెట్టుకోవచ్చు.

పరిష్కారం: ముందు బిగువు వదిలించాలి, తర్వాత బలం పెంచాలి, ఈ వరుస తప్పితే బిగిసిన కండరంతో పెనుగులాటే మిగులుతుంది. గుమ్మానికి ముంజేతులు ఆనించి ఛాతీని సాగదీయండి. ఆ తర్వాత గోడకు అరచేతులు ఆనించి, మోచేతులు వంచకుండా, వీపును వెనక్కు నెట్టి రెండు సెకన్లు నిలపండి. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే మెడ కండరమే పని చేస్తోందన్నమాట. అక్కడే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ఫలితానికి వారాలు పడుతుంది. ఆపరేషన్ జరిగినవారు సర్జన్ అనుమతి లేకుండా ఇవేవీ చేయకూడదు.

వ్యాయామంతో ఆగకూడని సందర్భం: గోడను నెట్టగానే ఆ ఎముక అంచంతా రెక్కలా విచ్చుకుని, చెయ్యి భుజం ఎత్తు దాటకపోతే సెరేటస్ యాంటీరియర్‌ను నడిపే లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతిందని అనుమానించి ఈఎంజీ (నరాలు, కండరాల విద్యుత్ సంకేతాలను చూసే) పరీక్ష గురించి డాక్టరును అడగాలి, ఆ నరం చాలామందిలో నెలల మీద, ఒక్కోసారి రెండేళ్ళకు కోలుకుంటుంది. మెడలో గడ్డ తీసిన తర్వాత భుజం వాలిపోయినట్లయితే మాత్రం అంతకాలం వేచి చూడకూడదు. అక్కడ తెగినది ట్రపీజియస్‌ను నడిపే స్పైనల్ యాక్సెసరీ నరమైతే, దానిని తొలి నెలల్లో కలిపితేనే మంచి ఫలితం ఉంటుంది.