టెంపరేచర్ ముల్లు లేస్తోందా? బంపర్ లోపల టార్చి వేసి చూడండి: స్పోర్ట్స్ కారు రేడియేటర్ సమస్యలు - పరిష్కారాలు

ఏప్రిల్ మొదలైతే చాలు, బెంగళూరులో స్పోర్ట్స్ కారు ఓనర్ల నుంచి ఒకటే ఫోను. "అన్నా, టెంపరేచర్ ముల్లు లేస్తోంది. థర్మోస్టాట్ మార్పించా, కొత్త కూలెంట్ పోయించా, ఏసీ గ్యాస్ కూడా నింపించా. తగ్గట్లేదు." (కూలెంట్ అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, థర్మోస్టాట్ అంటే దాన్ని రేడియేటర్‌కు వదిలే వాల్వు.) బంపర్ లోపలికి టార్చి వేసి చూశారా అని అడుగుతాను. "అక్కడేముంటుందన్నా?" అంటారు. అక్కడే ఉంటుంది.

నేను చెప్పేది ముఖ్యంగా ఇంజిన్ నడుమనో వెనకో ఉండి, రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉండే కార్ల గురించి. పోర్షె బాక్స్‌టర్, కేమన్ ఇలాంటివే. 911 అయితే నీటితో చల్లబడే 996 తరం నుంచి ఇదే అమరిక. గాలి బంపర్ నోట్లోంచి దూరి, ముందు ఏసీ కండెన్సర్‌ని (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలేది), దాని వెనకాలే ఉన్న రేడియేటర్‌ని దాటి, ముందు చక్రం గూట్లోకి వెళ్ళిపోతుంది. ఆ నోళ్ళు నేలకు బాగా దగ్గర. రోడ్డు మీద ఏమున్నా ముందు తినేది అవే. జాక్ వేయడం, చక్రం విప్పడం, హోస్ క్లాంప్ తీయడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

ఏ స్పేరూ కొనకముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. వేడి మీద మూత తిప్పొద్దు, ముఖం కాలుతుంది. తర్వాత కారు స్టార్ట్ చేసి, ఏసీ వేసి, రెండు వైపులా ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చెవి పెట్టి వినండి. ఒక్క వైపు వినపడితే చాలనుకోవద్దు, రెండూ తిరగాలి. ఆ తర్వాత టార్చి. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. అయినా ఈ మూడూ చూసుకుని ఫోన్ చేసేవాళ్ళు అరుదు.

డ్యాష్‌బోర్డు ముల్లును మరీ నమ్మకండి. చాలా కార్లలో అది కొంత వేడి వరకు కదలకుండా నడుమనే ఉండేలా చేసి పెడతారు. అది లేచిందంటే విషయం అప్పటికే ముదిరిందని. చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) తగిలించి ఫోన్లో అసలు డిగ్రీలు చూసుకోండి. ట్రాఫిక్‌లో వంద దాకా వెళ్ళి ఫ్యాన్ తిరగ్గానే దిగితే కంగారు అక్కర్లేదు. 105 దాటి ఎక్కుతూనే ఉంటే బండి పక్కకు ఆపండి.

సిగ్నల్లో ఎక్కుతుంది, కదిలితే దిగుతుంది

సిల్క్ బోర్డ్ దగ్గర లేచిన ముల్లు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కగానే దిగిందంటే అనుమానం ఫ్యాన్ మీదే. చాలా మోడళ్ళలో ఫ్యాన్‌కు రెండు వేగాలు ఉంటాయి. నెమ్మది వేగానికి ఒక రెసిస్టర్ ఉంటుంది, అది కాలిపోతుంది. అప్పుడు ఫ్యాన్ మామూలు వేడికి తిరగదు. బాగా వేడెక్కాక ఒక్కసారిగా హోరుమంటుంది. ఆ హోరు విని "ఫ్యాన్ బాగానే ఉంది" అనుకుంటారు. రెసిస్టర్ మారిస్తే సరిపోతుంది, మొత్తం ఫ్యాన్ అంటగట్టేవాళ్ళ మాట వినకండి. ఫ్యూజు, రిలే కూడా చూడండి. రెక్కల్లో కంకర ముక్క ఇరుక్కున్నా ఫ్యాన్ తిరగదు.

రోడ్డు మీద ఎక్కుతుంది, ఎండలో ఏసీ కూడా చల్లబడదు

దీని దగ్గర కాసేపు ఆగుదాం. జేబులు ఖాళీ చేసేది ఇదే.

లక్షణం ఇలా ఉంటుంది. ఊళ్ళో నెమ్మదిగా తిరుగుతుంటే ఏమీ తెలియదు. హెబ్బాళ్ దాటి 44వ నంబరు హైవే మీద వేగం పెంచినా, నంది కొండ మలుపులు ఎక్కినా డిగ్రీలు మెల్లగా పెరుగుతాయి. అంతకు వారాల ముందు నుంచే మధ్యాహ్నం ఎండలో ఏసీ గాలి చల్లదనం తగ్గి ఉంటుంది. ఓనరు ముందు గమనించేది దాన్నే. నేరుగా ఏసీ షాపుకు వెళ్తాడు. వాళ్ళు గ్యాస్ నింపుతారు. నాలుగు రోజులు బాగున్నట్టుంటుంది, మళ్ళీ మొదటికే. అక్కడ గ్యాస్ తగ్గలేదు. కండెన్సర్‌లోంచి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఉన్న గ్యాస్ మీద ఇంకా ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి ఏసీ మరింత డల్ అవుతుంది, కంప్రెసర్ మాటిమాటికీ కట్ అవుతుంది.

కాబట్టి ఏసీ డల్, ఇంజిన్ వేడి రెండూ కలిసి వచ్చాయంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు చూడండి. ఇది ఎందుకు దొరకదంటే, ముందు నుంచి వంగి చూస్తే కండెన్సర్ ముఖం శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. వారం వారం వాష్ చేయిస్తారు కదా. చెత్త దాని వెనక ఉంది. ఆకు కండెన్సర్ ఫిన్స్‌లోంచి (సన్నని రేకుల సందుల్లోంచి) దూరదు, పక్క అంచు నుంచి, పై అంచు నుంచి జారి వెనక పడుతుంది. వెనక ఫ్యాన్ లాగుతుంటే రేడియేటర్‌కు అతుక్కుపోతుంది. మళ్ళీ బయటికి వచ్చే దారే లేదు.

బెంగళూరు చెట్ల ఆకులు దీనికి బాగా కలిసొస్తాయి. గుల్‌మొహర్, జకరండా ఆకులు సన్నవి, బియ్యపు గింజంత ముక్కలుగా రాలతాయి. వాటి మీద పూల రేకులు, మెట్రో పనుల దుమ్ము, వానాకాలం రాత్రి హైవే మీద లైట్ల ముందుకొచ్చే ఉసిళ్ళు చేరతాయి. ఒక బండి ఇలాగే గ్యాస్ రెండుసార్లు నింపించుకుని, థర్మోస్టాట్ కొత్తది వేయించుకుని మా దగ్గరికి వచ్చింది. బంపర్ విప్పి కండెన్సర్‌ని రెండు వేళ్ళతో ముందుకు వంచితే వెనక నుంచి తడి కంబళిలాంటి ముక్క ఒకటి ఊడి చేతికొచ్చింది. ఒక పక్క ఫిన్స్ గీతలు అచ్చుపడి ఉన్నాయి. చించి చూస్తే కుళ్ళిన ఆకు, ఉసిళ్ళ రెక్కలు, చిప్స్ ప్యాకెట్ వెండి కాగితం, అడుగున వేలెడు మందాన ఎర్రమట్టి, దాన్లో నాలుగు కంకర రాళ్ళు. కొత్త థర్మోస్టాట్ బిల్లు మాత్రం డ్యాష్‌బోర్డులో భద్రంగా ఉంది.

వేడెక్కడం ఒక్కటే అయితే కడిగేస్తే పోయేది. ఆ మట్టి కింది మూలలో నెలల తరబడి తడిగా ఉండి అల్యూమినియంను తింటుంది. ఫిన్స్ పొడిపొడిగా రాలతాయి, తర్వాత ట్యూబుకు సూదిమొనంత రంధ్రం పడుతుంది. ఆ రంధ్రాన్ని కూడా మట్టే మూసి ఉంచుతుంది. అందుకే శుభ్రం చేసిన మర్నాడు కూలెంట్ కారడం మొదలై, "నువ్వు కడిగావు కాబట్టే లీకైంది" అని గొడవకొచ్చేవాళ్ళున్నారు. ఇప్పుడు కడిగే ముందే ప్రెషర్ టెస్టర్ పెట్టి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకు పంపు కొట్టి, పావుగంట ముల్లు నిలుస్తుందో లేదో ఓనరుకే చూపిస్తాను. కడిగాక మళ్ళీ చూపిస్తాను.

విప్పకుండా చూడాలంటే యూఎస్‌బీ ఎండోస్కోప్ కెమెరా ఒకటి కొనండి, ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. బంపర్ నోట్లోంచి కండెన్సర్ పక్క అంచు మీదుగా వెనక్కి దూర్చండి. అది లేకపోతే చక్రం గూటి లైనర్ తీసి, ఫ్యాన్ రెక్కల సందులోంచి టార్చి కొట్టండి. ముందు నుంచి ఇంకొకరు చూస్తే వెలుతురు చుక్కలు చుక్కలుగా కనపడాలి. ఒక ప్రాంతమంతా చీకటిగా ఉందంటే అక్కడ చెత్త ఉన్నట్టే.

శుభ్రం చేయాలంటే బంపర్ తీయాల్సిందే. దగ్గరి దారి లేదు. కండెన్సర్ బోల్టులు విప్పి, ఏసీ పైపులు ఊడదీయకుండానే ముందుకు వంచి తాడుతో కట్టండి, పైపుల మీద బరువు వేలాడకూడదు. ఇలా చేస్తే గ్యాస్ తీయనక్కర్లేదు. పొడి చెత్తను వాక్యూమ్‌తో లాగి, మెత్తటి బ్రష్‌తో ఫిన్స్ వెంట పైనుంచి కిందికి తోమండి, అడ్డంగా తోమితే వంగిపోతాయి. నీళ్ళు మామూలు తోట పైపుతో, ఫ్యాన్ వైపు నుంచి ముందుకు పోయండి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే ఫిన్స్ పడుకుంటాయి, చెత్త ఆపని గాలిని అవి ఆపుతాయి.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు

కొద్దిపాటి లీకైతే వేడి మీదే ఆవిరైపోతుంది. రేడియేటర్ కింది మూలల్లో, ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచులో ఎండిన ఉప్పులాంటి మరక వెతకండి. బండి ఆపగానే ముందు నుంచి తీపి వాసన వస్తే అదే. రాయి తగిలి కండెన్సర్‌కు చిల్లి పడితే కూలెంట్ తగ్గదు, ఏసీ గ్యాస్ పోతుంది, దెబ్బ తిన్న చోట నూనె మరక ఉంటుంది. కొన్ని మోడళ్ళకు బంపర్ నడుమ మూడో రేడియేటర్ ఉంటుంది. దానికి ముందు కండెన్సర్ అడ్డం లేదు, రాయి నేరుగా దానికే తగులుతుంది.

పాతకాలం ఇత్తడి రేడియేటర్‌కు టంకం పెట్టేవాళ్ళు, ఏళ్ళ తరబడి నడిచేది. ఈ అల్యూమినియం ట్యూబులకు అది కుదరదు. ఎపాక్సీ పూసి ఇంటికి చేరొచ్చు, అంతే. లీక్ ఆపే పొడులు మాత్రం పోయొద్దు. అవి హీటర్ కోర్‌లోని (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌లోని) సన్నని దారులను కూడా మూసేస్తాయి.

రేడియేటర్ మార్చేటప్పుడు

విప్పడం, బిగించడం కష్టమేమీ కాదు. తప్పు జరిగేది రెండు చోట్ల. మొదటిది అంచుల ఫోమ్, గాలి గొట్టాలు. పాత రేడియేటర్ చుట్టూ నల్ల ఫోమ్ పట్టీలు, ప్లాస్టిక్ డక్టులు ఉంటాయి. చివికిపోయాయని పారేసి అలాగే బిగిస్తే గాలి రేడియేటర్‌లోంచి కాక పక్క నుంచి జారిపోతుంది. కొత్త రేడియేటర్ పెట్టినా వేడి తగ్గని బండ్లలో నేను ముందు వెతికేది ఈ ఫోమే. జేసీ రోడ్డులో అంటించే ఫోమ్ షీటు దొరుకుతుంది, కొలిచి కోసి అంటించండి. రబ్బరు బుష్‌లు, ఓ-రింగులు కూడా కొత్తవే వేయండి.

రెండోది గాలి తీయడం. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. మధ్యలో పొడవాటి పైపులు. గాలి బుడగ ఎక్కడైనా నిలబడుతుంది. వాక్యూమ్ ఫిల్లర్ ఉంటే మంచిది: గాలి లాగి పది నిమిషాలు ముల్లు కదలకుండా నిలిస్తే లీకు లేదని కూడా తెలుస్తుంది, తర్వాత కూలెంట్ దానంతటదే నిండుతుంది. లేకపోతే హీటర్ ఫుల్ వేడికి పెట్టి, బ్లీడర్ (గాలి వదిలే మర) తెరిచి, మెల్లగా పోస్తూ ఇంజిన్ నడపండి. చల్లారాక మర్నాడు పొద్దున మళ్ళీ మట్టం చూడండి, ఎంతో కొంత దిగి ఉంటుంది.

బోరు నీళ్ళు పోయొద్దు, లోపల గార కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, తెరిచిన గిన్నెలో ఉత్త నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. నెల్లూరులో అయితే 100. ట్యాంకు మూత ప్రెషర్ పట్టి ఉంచుతుంది కాబట్టే బండి నడుస్తోంది. మూత రబ్బరు పగిలితే మూత మార్చండి.

జాలి వేయాలా?

వేయాలి. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు కంకర, ఎం-శాండ్ (రాళ్ళు నలిపి చేసిన ఇసుక) టిప్పర్ల వెనక వెళ్ళేవాళ్ళయితే తప్పకుండా వేయాలి. కానీ దోమల జాలి వద్దు. లెక్క చూడండి: 1 మిల్లీమీటరు తీగతో 8 మిల్లీమీటర్ల కన్నున్న జాలిలో గాలికి దాదాపు 79 శాతం దారి ఉంటుంది. అదే తీగతో 3 మిల్లీమీటర్ల కన్నయితే 56 శాతమే. రెండు వానలు పడి బురద పట్టాక ఆ సన్న జాలిలో మిగిలేది ఇంకా తక్కువ. అందుకని 6 నుంచి 8 మిల్లీమీటర్ల కన్ను తీసుకోండి, పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం అయినా, స్టెయిన్‌లెస్ అయినా.

జాలిని కండెన్సర్‌కు ఆనించొద్దు. కనీసం రెండు వేళ్ళ దూరంలో, బంపర్ నోటికే కట్టండి. ఆనితే వణుకుకు ఫిన్స్ అరుగుతాయి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం తడిలో రాసుకుంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. అంచులకు రబ్బరు బీడింగ్ వేయండి. నల్ల జిప్ టైలు, తోకలు లోపలికి. పార్కింగ్ సెన్సర్లను, రాడార్‌ను కప్పొద్దు. తెరుచుకుని మూసుకునే ఫ్లాపులుంటే వాటికి అడ్డం రాకుండా చూసుకోండి.

జాలి ఆపేది రాళ్ళను, కవర్లను, పెద్ద ఆకులను. గుల్‌మొహర్ ఆకు 8 మిల్లీమీటర్లలోంచి హాయిగా దూరుతుంది. కాబట్టి జాలి ఉన్నా, ఆకు రాలే కాలం అయ్యాక ఎండలు ముదరకముందు ఒకసారి, వానాకాలం అయిపోయాక ఒకసారి ఎండోస్కోప్ పెట్టి సందు చూడండి. జాలి వేశాం కదా అని మూడేళ్ళు చూడకుండా వదిలేసిన బండి జాలి లేని బండి కంటే అధ్వానంగా వస్తోంది.

మిగతావి

థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుంటే పై లక్షణాలేవీ లేకుండా బండి తీసిన కాసేపటికే వేడెక్కుతుంది, రేడియేటర్ ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. వాటర్ పంపు పోతే ఇంజిన్ కింద, కారు వెనక భాగంలో చుక్కలు పడతాయి, బేరింగు గోల చేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోవడం అరుదు. ఆయిల్ మూత కింద పాలమీగడలా తేలినా, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వచ్చినా బండి నడపకండి, టోయింగ్ వ్యాన్ పిలిపించండి.