పాస్టర్ మీద ఫిర్యాదు చేసే ముందు

సంఘ పెద్దల ముందు కూర్చోకముందే కొన్ని పనులు చేసి పెట్టుకోండి.

• జరిగింది రాయండి. తేదీ, చోటు, పక్కన ఎవరున్నారు, అన్న మాట అన్నట్టుగా. "చాలా బాధపెట్టారు" అంటే పక్కన పడేస్తారు. "ప్రార్థన అయ్యాక అందరినీ పంపేసి, తలుపేసి, 'ఈ ఉద్యోగంలో చేరితే దేవుని చిత్తాన్ని కాలదన్నినట్టే' అన్నారు" అని రాస్తే అలా కుదరదు.

• మెసేజ్‌లు, వాయిస్ నోట్లు వేరేచోట కాపీ చేసుకోండి. గ్రూపులోంచి తీసేయడం నిమిషం పని.

• విచారించేది ఎవరో కనుక్కోండి. పాస్టర్ బావమరిదైతే దాన్ని విచారణ అనలేం. సరైనవాళ్లు విచారిస్తే నిజం బయటికొస్తుంది: ఇంగ్లండ్‌లో సోల్ సర్వైవర్ అనే క్రైస్తవ యువజన ఉద్యమం వ్యవస్థాపకుడు మైక్ పిలవాచీపై ఆరోపణలు నిజమేనని 2023లో తేల్చింది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సేఫ్‌గార్డింగ్ (వేధింపుల నుంచి రక్షణ) విచారణ. కుర్రాళ్లతో కుస్తీలు, ఇంటర్న్‌లకు మసాజ్‌లు, ఆత్మీయ అధికారంతో మనుషుల్ని గుప్పిట్లో పెట్టుకోవడం. అదీ 40 ఏళ్ల సేవాకాలంలో!

• పిల్లల విషయమైతే ముందు పోలీసులకో, బాలల రక్షణ అధికారులకో చెప్పండి. "మేం చూసుకుంటాం" అన్నా ఆగొద్దు. పిల్లల్ని మీరే గుచ్చిగుచ్చి అడగకండి.

• ఒంటరిగా వెళ్లొద్దు. "అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే వాక్యం తప్పక వస్తుంది. 105వ కీర్తనలో ఆ ముందు వాక్యం కూడా చదివి వెళ్లండి. అక్కడ మందలింపు తిన్నది రాజులు, అంటే అధికారం చేతిలో ఉన్నవాళ్లే.

• ఏ కాగితం మీదా అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని, లాయర్‌కి చూపించండి.

• ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. ఫోన్ చేయడానికి సంఘం బయటి మనిషి ఒకరుండాలి.