కార్డ్‌లెస్ ఫోను మనమే బాగుచేసుకుందాం – మూడో పాఠం: అబద్ధమాడే సెల్లు

పోయిన పాఠంలో మీకో పని అప్పజెప్పాను. కార్డ్‌లెస్ మొరాయిస్తే దాన్ని ముట్టుకోకముందే, అటక మీదున్న పాత వైరు ఫోను దించి గోడకున్న రోజెట్ డబ్బాకి తగిలించి వినమన్నాను. అందులోనూ గరగర వస్తే జబ్బు లైనుది. ఫిర్యాదు రాయించి ఊరుకోవడమే, మనం చేయగలిగింది లేదు. వైరు ఫోనులో డయల్ టోన్ శుభ్రంగా వచ్చి, కార్డ్‌లెస్ ఒక్కటే ఏడుస్తుంటే మాత్రం ఇక్కడికి రండి.

నిజానికి ఈ వారం కీప్యాడ్ విప్పుదామనుకున్నాను. కానీ స్క్రూ విప్పకుండా నయమయ్యే రోగాన్ని వదిలేసి, విప్పాల్సిన రోగం ముందు చెప్పడం సరికాదనిపించింది. నా దగ్గరికి వచ్చిన హ్యాండ్‌సెట్లలో ఎక్కువ వాటికి అసలు రోగం సెల్లే, అంటే లోపల ఉండే ఛార్జింగ్ బ్యాటరీయే.

తెనాలిలో మా పెద్దమ్మ ఫోనే తీసుకోండి. "ఒరేయ్, ఛార్జింగ్ నిండుగా మూడు గీతలూ చూపిస్తుందిరా. తీరా ఎత్తి రెండు మాటలు మాట్లాడేసరికి కుయ్ కుయ్ మని చచ్చిపోతోంది" అంది. ఊళ్లో ఎవరికో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట. ఆవిడ దాన్ని పాత తువ్వాలులో చుట్టి నాకు పంపింది. నేను దానికి చేసిందల్లా రెండు సెల్లు మార్చడం, నాలుగు రేకులు తుడవడం. ఆ రెండు పనులే ఈ పాఠం.

హ్యాండ్‌సెట్ వెనక మూత జరపండి. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా రెండు సన్న సెల్లు ఉంటాయి, టీవీ రిమోట్‌లో వేసే సైజే. సైజు ఒకటే గానీ జాతి వేరు. మీద 1.2 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ (మళ్లీ మళ్లీ ఛార్జింగ్ అయ్యే రకం), 550 నుంచి 800 లోపు ఏదో ఒక మిల్లీయాంప్ అవర్ అంకె (సెల్లులో ఎంత సరుకు పడుతుందో చెప్పేది) రాసి ఉంటుంది. రెండూ వరసగా కలిస్తే 2.4 వోల్టులు. మరీ పాత ఫోనయితే సెల్లు విడిగా ఉండవు. మూడింటిని కలిపి ప్లాస్టిక్ చుట్టి, ఎరుపు నలుపు వైర్లతో చిన్న ప్లగ్గు పెట్టిన కట్ట ఉంటుంది. దాని మీద 3.6 వోల్టులని రాసి ఉంటుంది.

రిమోట్‌లో వేసే మామూలు సెల్లు ఇందులో వేయకూడదు. "అర్జెంటుగా ఒక్కరోజుకి" అని కూడా వేయకూడదు. అవి మళ్లీ ఛార్జింగ్ అయ్యే రకం కాదు. ఛార్జింగ్ స్టాండులో పెట్టగానే ఫోను వాటిలోకి కూడా కరెంటు ఎక్కించబోతుంది, అవి ఉబ్బి కారతాయి. నేనొకసారి ఈ పని చేసి, ఊరెళ్లి వచ్చి చూసేసరికి స్ప్రింగులకు తెల్లటి ఉప్పు పూసి ఉంది. ఒక స్ప్రింగు చేతిలోకి ఊడి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. గీతలు నిండుగా ఉంటే ఫోను ఎందుకు చచ్చిపోతోంది?

ఎండాకాలంలో బోరు గుర్తు తెచ్చుకోండి. రాత్రంతా ఊరిన నీళ్లు పైపులో పైదాకా ఉంటాయి. రాయి కట్టి తాడు వదిలితే నీళ్లు బాగానే ఉన్నట్టు తడి తగులుతుంది. మోటారు వేస్తే రెండు నిమిషాలు ధారగా పోసి, తర్వాత గాలి కొడుతుంది. ముసలి సెల్లుదీ ఇదే కథ. లోపలి ద్రవం ఎండి, రసాయనం మందగించి, దాని సొంత నిరోధం, అంటే కరెంటుకి లోపలే అడ్డుపడే గుణం, పెరిగిపోతుంది. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు రేడియోకి కరెంటు కావాల్సి వచ్చేసరికి కుప్పకూలుతుంది. తెర మీది గీతలు తాడు తడి చూసి చెప్పేవే, మోటారు వేసి చెప్పేవి కావు.

అందుకే మల్టీమీటర్ (వోల్టులూ కరెంటూ కొలిచే మీటరు) తెచ్చి సెల్లు కొనలకు పెట్టి "1.3 చూపిస్తోంది, బాగానే ఉంది" అనేసుకోకండి. చాలామంది మెకానిక్కులు కూడా ఇక్కడే బోల్తా పడతారు. మనం మోటారు వేసి చూద్దాం.

కావాల్సింది 10 ఓముల రెసిస్టర్ ఒకటి, అంటే కరెంటుకి కొలిచినంత అడ్డు పెట్టే రెండు కాళ్ల చిన్న ముక్క. గోధుమ, నలుపు, నలుపు, చివర బంగారు రంగు గీతలుంటాయి. పావు వాటుది చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటివి పిడికెడు ఇస్తారు. వేరే ఊళ్లలో రేడియో, టీవీ రిపేరు షాపు అడిగినా దొరుకుతుంది.

సెల్లు రాత్రంతా హ్యాండ్‌సెట్‌లోనే ఉంచి ఛార్జింగ్ చేయండి. పొద్దున తీసి ఓ గంట పక్కన పెట్టండి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఒక్కో సెల్లూ కొలవండి. 1.3 నుంచి 1.4 మధ్య రావాలి. ఇప్పుడు రెసిస్టర్ రెండు కాళ్లనీ సెల్లు రెండు కొనలకూ ఆనించి పట్టుకోండి. టేపు అంటిస్తే చేయి నొప్పి పుట్టదు. 1.2 ని 10 తో భాగిస్తే 0.12, అంటే 120 మిల్లీయాంపుల కరెంటు పారుతోందన్నమాట. అలా పారుతుండగానే మీటరు చూడండి.

మంచి సెల్లయితే కాస్త దిగి 1.25 చుట్టుపక్కల ఆగుతుంది, అయిదు నిమిషాలైనా అక్కడే నిలబడుతుంది. చచ్చిన సెల్లు మీరు చూస్తుండగానే 1.1, 1.0, 0.8 అంటూ మెట్లు దిగుతుంది. పెద్దమ్మ ఫోనులో ఒకటి అర నిమిషంలో 0.6 కి పడిపోయింది. రెండోది 1.2 దగ్గర బానే ఉంది.

అయితే ఆ పడిపోయిన ఒక్కటే మారిస్తే సరిపోదా అంటారేమో. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. రెండూ వరసలో ఉన్నాయి కదా, బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. అయినా బలమైనది దాని గుండానే కరెంటు తోస్తూనే ఉంటుంది. దాంతో ఖాళీ సెల్లు తలకిందులుగా ఛార్జి అవుతుంది, ప్లస్సు మైనస్సవుతుంది. అలా రెండు మూడు సార్లు జరిగితే అది పూర్తిగా పాడవుతుంది. కొత్తదాని పక్కన పాతది పెట్టారంటే, వచ్చే నెల మళ్లీ ఇదే పాఠం చదువుకోవాలి. రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే అంకె ఉన్నవి మార్చండి. తీసేసిన వాటిలో మంచిదాన్ని అదే సైజు సెల్లు పట్టే చిన్న గడియారానికి వాడుకోండి, పాపం.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఇంకో అడుగు వేయొచ్చు. రెసిస్టర్ అలాగే వదిలేసి, వోల్టేజీ 1.0 కి దిగడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. గంటల్ని 120 తో గుణిస్తే సెల్లులో నిజంగా ఎంత సరుకుందో సుమారుగా తెలుస్తుంది. అయిదు గంటలు నడిస్తే 600. గంటన్నరకే దిగిపోతే 180, అది ఇక దండగ. 1.0 దగ్గర తీసేయడం మరిచిపోవద్దు.

ఈ లెక్క వచ్చినవాణ్ని బజారు మోసం చేయలేదు. ఈ సన్న సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఎంత గొప్పదైనా వెయ్యి, పదకొండు వందల మిల్లీయాంప్ అవర్ దాటదు. రెండు వేలు, 2,700 అని అచ్చేసినవి కనిపిస్తే నవ్వి పక్కన పెట్టండి. చేతిలో తూకం వేసినా తెలిసిపోతుంది, సరైనది పన్నెండు గ్రాముల పైచిలుకు ఉంటుంది, ఉత్తది బెండులా తేలిగ్గా ఉంటుంది. అసలు పెద్ద అంకె కోసం పాకులాడటమెందుకు? కార్డ్‌లెస్ ఎప్పుడూ స్టాండు మీదే కూర్చుంటుంది. 600 నుంచి 800 మధ్య ఉన్నవి, పేరున్న కంపెనీవి తీసుకుంటే హాయి. లిథియం సెల్లు "ఇంకా బాగుంటుంది సార్" అని ఇస్తే మాత్రం ఖచ్చితంగా వద్దనండి. దాని వోల్టేజీ 3.7, దాన్ని ఛార్జి చేసే పద్ధతే వేరు. మూడు సెల్లు కట్ట ఉన్న పాత ఫోనుకి 3.6, 3.7 దగ్గర దగ్గరే కదా అని లిథియం తగిలించినవాళ్లను చూశాను. అంకెలు దగ్గరైనా అది నిప్పుతో చెలగాటం.

సెల్లు మార్చారు. అయినా స్టాండులో పెడితే ఛార్జింగ్ ఎక్కట్లేదు. అప్పుడు రేకుల సంగతి చూడాలి.

హ్యాండ్‌సెట్ అడుగున రెండు మెరిసే రేకులుంటాయి, స్టాండులో వాటికి ఎదురుగా రెండు స్ప్రింగు రేకులు. చేతి చెమట, వంటింటి నూనె ఆవిరి, దుమ్ము కలిసి వాటి మీద కంటికి కనపడని పొర కడతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. ముందు అడాప్టర్ ప్లగ్గు పీకేయండి. పిల్లల తెల్ల రబ్బరుతో రేకుల్ని పెన్సిల్ గీత చెరిపినట్టు రుద్దండి. రబ్బరు పొట్టు ఊదేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. బ్లేడుతో గీకడం, గరుకు కాగితంతో తోమడం వద్దు. ఆరోజుకి తళతళలాడుతుంది గానీ పైన పూసిన పల్చటి లోహపు పూత పోయి, నెల తిరిగేసరికి ముందుకంటే ఎక్కువ తుప్పు పడుతుంది. స్టాండులోని స్ప్రింగు రేకులు వాలిపోయి ఉంటే పట్టకారుతో ఒక మిల్లీమీటరు పైకి లేపండి. లాగేస్తే విరుగుతాయి, ఆశకు పోవద్దు.

సెల్లు కారిన తెల్ల ఉప్పు ఉంటే అది క్షారం. దూది పుల్ల మీద ఒక చుక్క నిమ్మరసం గానీ వెనిగర్ గానీ వేసి అద్దితే నురగ కట్టి కరుగుతుంది. వెంటనే తడిగుడ్డతో, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచేయండి. నిమ్మరసం అలాగే వదిలేస్తే అదే ఇంకో తుప్పు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చిట్కా. ఛార్జింగ్ నిజంగా ఎక్కుతోందా లేదా అన్నది తెర మీది బొమ్మని నమ్మకుండా కనిపెట్టాలి. ఒక చిన్న కాగితం ముక్క తీసుకుని, రెండు వైపులా చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు అంటించండి. రెండు రేకులూ ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో కాగితం అడ్డుండాలి. దాన్ని సెల్లు కొనకీ స్ప్రింగుకీ మధ్య దూర్చి, బయటికి వచ్చిన రెండు రేకులకూ మీటరు తీగలు పట్టించండి. మీటరు డీసీ మిల్లీయాంపుల్లో, 200 గానీ అంతకంటే పైన గానీ ఉండాలి. హ్యాండ్‌సెట్ స్టాండులో పెట్టండి. కరెంటంతా ఇప్పుడు మీటరు గుండానే వెళ్తుంది.

ఎంత రావాలి? 600 సెల్లు ఏడు గంటల్లో నిండుతుందని ఫోనుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉందనుకోండి. ఈ రకం సెల్లులో పోసిందంతా నిలవదు, కొంత వేడిగా పోతుంది, అందుకని ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ పోయాలి. 600 ని 1.4 తో గుణించి 7 తో భాగిస్తే 120. అటూ ఇటూగా అంత కనిపిస్తే స్టాండు ఆరోగ్యంగా ఉంది. మొదట బాగా చూపించి, సెల్లు నిండాక బాగా తగ్గిపోతే అదీ మంచి లక్షణమే. ఖాళీ సెల్లు పెట్టినా సున్నా దగ్గరే ఉంటే రేకులు మళ్లీ తుడవండి. అప్పటికీ రాకపోతే అడాప్టర్ మీద అనుమానం, దాని కథ అయిదో పాఠంలో. కొలవడం అయ్యాక మీటరు తీగని మిల్లీయాంపుల రంధ్రంలోంచి తీసి వోల్టుల రంధ్రంలో పెట్టేయండి. ఈ మాట మరిచి నేను కాల్చిన ఫ్యూజులు లెక్కపెట్టలేదు.

కొత్త సెల్లు వేశాక మొదటిసారి పుస్తకంలో చెప్పినన్ని గంటలు, లేదంటే ఒక రాత్రంతా కదపకుండా స్టాండులో ఉంచండి. గడియారం తప్పు చూపిస్తే కంగారు పడకండి, సెల్లు తీసినప్పుడు అది చెరిగిపోవడం మామూలే. దాచుకున్న నంబర్లు మాత్రం సాధారణంగా పోవు, అవి ఉండే చిప్పుకి సెల్లుతో పనిలేదు.

ఆ దాచుకున్న నంబర్ల దగ్గరే పెద్దమ్మ మళ్లీ ఫోను చేసింది. "మాట్లాడితే ఆగట్లేదు, బాగుందిరా. కానీ బుజ్జిగాడి సెల్‌ఫోనుకి కొడితే కలవట్లేదు. సగం బాగుచేశావేంటి?" అని నిలదీసింది. తప్పు నాదీ కాదు, ఫోనుదీ కాదు. 2021 జనవరి 15 నుంచి దేశంలో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కలపాలి. ఆవిడ ఫోనులో నంబర్లన్నీ అంతకుముందు ఎక్కించినవి, సున్నా లేని పది అంకెలవి. ఫోను చాలాకాలం మూలన పడుండటంతో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. పండక్కి వెళ్లినప్పుడు ముప్పై నాలుగు నంబర్లకి సున్నా కలిపి వచ్చాను. అరిసెలు పెట్టింది కాబట్టి సరిపోయింది.

ఈ వారం ఇంటిపని. మీ ఇంట్లో ఎక్కడెక్కడ ఛార్జింగ్ సెల్లు ఉన్నాయో అన్నీ పోగుచేయండి. కార్డ్‌లెస్‌వి, పాత కెమెరావి, పిల్లల బొమ్మ కార్లవి, 1.2 వోల్టులవి ఏవైనా సరే, లిథియంవి మాత్రం వద్దు. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో అంకె వేసి, 10 ఓముల పరీక్ష పెట్టి, మొదట ఎంత, అయిదు నిమిషాలకి ఎంత అని నోటుపుస్తకంలో రాయండి. పెద్ద సైజు పెన్సిల్ సెల్లుకీ ఇదే రెసిస్టర్ పనికొస్తుంది, కాకపోతే మంచిదైతే 1.0 కి దిగడానికి చాలా గంటలు తీసుకుంటుంది.

వచ్చే పాఠంలో 5 నొక్కితే పడక, 8 నొక్కితే రెండుసార్లు పడే కీప్యాడ్ విప్పుతాం. గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, విప్పిన స్క్రూలు వేసుకోవడానికి రెండు టీ సాసర్లు దగ్గర పెట్టుకోండి.