భాగ పంపిణీ దావా వేస్తున్నారా? మొదటి డిక్రీ దగ్గర ఆగిపోకండి

మాకు తెలిసిన అక్కాచెల్లెళ్లిద్దరు మొన్న తమ భాగం పొలం చూసుకుందామని ఊరెళ్తే అక్కడ మట్టిరోడ్లు, హద్దురాళ్లు, ప్లాట్ల నంబర్లు కనిపించాయి. ఇద్దరికీ చెరో మూడో వంతు అని కోర్టు తేల్చి చాలా ఏళ్లయింది. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) కాపీ బీరువాలో భద్రంగానే ఉంది. పొలం మాత్రం అన్న చేతిలోనే ఉండిపోయింది. వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరవగానే దావా వేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. మంచి లాయర్ని చూసుకోండి, కాగితాలు దాచుకోండి లాంటివి మీకు తెలిసినవే.

దావా వేసే ముందు

ఉమ్మడి ఆస్తులన్నీ దావా షెడ్యూల్లో, అంటే ఆస్తుల జాబితాలో ఉండాలి, వాటాదారులందరూ పార్టీలుగా ఉండాలి. ఒక ఇల్లో, ఒకరి పేరో వదిలేస్తే అవతలివాళ్లు పట్టుకునే మొదటి పాయింటు అదే. ఆడపడుచుల్ని అసలు వదలొద్దు. తండ్రి ఎప్పుడు పోయినా హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే అది వేరే సంగతి. ‘పెళ్లికి కట్నం ఇచ్చాంగా’ అన్న మాట కోర్టులో నిలవదు. ఉమ్మడి ఆస్తిలో నీకేమీ లేదని మిమ్మల్ని పక్కన పెట్టిన సంగతి తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లలో దావా పడాలి.

మొదటి డిక్రీ వచ్చాక

అసలు గండం ఇక్కడుంది. ఈ దావాలో డిక్రీలు రెండు. మొదటిది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికెంత వాటా అన్నంతవరకే చెబుతుంది. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా మీదో చెప్పదు. అది తేలాలంటే ఫైనల్ డిక్రీ కోసం మళ్లీ పిటిషన్ వేయాలి. మామూలుగా కోర్టు తన తరఫున ఒక లాయర్ని, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ని వేస్తుంది. ఆయన సర్వేయర్‌తో వచ్చి కొలిచి, బోరు ఎటుంది, దారి ఎటుంది, ఏది మెరక, ఏది పల్లం అని మంచిచెడ్డలు చూసి రిపోర్టు ఇస్తాడు. అభ్యంతరాలు విన్నాకే ఫైనల్ డిక్రీ.

గెలిచామని స్వీట్లు పంచి ఇంటికెళ్లిపోయినవాళ్లే నేను చూసినంతలో ఎక్కువ నష్టపోయారు. ఫైనల్ డిక్రీ పిటిషన్‌కు గడువు లేదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ఆ మాటే కొంపలు ముంచుతోంది. తీరిగ్గా వేసుకోవచ్చులే అనుకుంటారు. ఈలోగా ఒకరు పోతారు, వారసులు ఆరుగురవుతారు, వాటాలు మారతాయి, ఇంకో ప్రిలిమినరీ డిక్రీ కావాల్సి వస్తుంది. పొలంలో ఉన్నవాడికి తొందరేముంది? పంట తింటూనే ఉంటాడు. ప్రిలిమినరీ డిక్రీ తర్వాత కింది కోర్టులే కేసును ముందుకు నడపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, వెంటనే పిటిషన్ వేయండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టొద్దు, అన్నయ్య అడిగినా సరే. పాసుపుస్తకం ఒక్కరి పేరున ఉందని భూమంతా వాళ్లదైపోదు, భయపడి వదులుకోవద్దు. దావా నడుస్తుండగా అమ్మినా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే, అయినా అమ్మకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) అడగండి. సమన్లు వస్తే తప్పించుకు తిరగొద్దు. మీరు లేకుండానే కేసు తేలిపోతే (ఎక్స్‌పార్టీ) ఆ తిప్పలు వేరు. మైనరు ఉంటే కోర్టు అనుమతి లేకుండా రాజీ వద్దు. లోక్ అదాలత్ రాజీ మీద అప్పీలు లేదు. సర్వే నంబర్లు, హద్దులు, దారి రాశాకే సంతకం. కమిషనర్ వచ్చే రోజు పొలంలో మీరు ఉండాలి. పార్టీల్లో ఎవరైనా చనిపోతే అదే వారం లాయరుకు చెప్పండి, దావా నడుస్తుంటే వారసుల్ని చేర్చడానికి 90 రోజులే. ఫైనల్ డిక్రీకి స్టాంపు పేపర్లు వెంటనే కట్టండి. అమలుకు 12 ఏళ్ల గడువు డిక్రీ తేదీ నుంచే నడుస్తుంది, పేపర్లు ఆలస్యమయ్యాయని ఆగదు. స్వాధీనం ఇవ్వకపోతే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయండి.

ప్రిలిమినరీ డిక్రీ ఇప్పటికే చేతిలో ఉందా? ఫైనల్ డిక్రీ పిటిషన్ నంబరు ఎంతో రేపే లాయర్ని అడగండి. నంబరు చెప్పలేకపోతే ఇంకా వేయలేదన్నమాటే.