ఐసీ50 వారం వారం పెరుగుతోందా? ముందు డీఎంఎస్ఓ వయల్ తీసి చూడండి

సమస్య: అవే కణాలు, అదే ప్రోటోకాల్, అదే కాంపౌండ్. పోయిన నెల 200 నానోమోలార్ దగ్గర వచ్చిన ఐసీ50 (కణాల మీద సగం ప్రభావం చూపడానికి కావాల్సిన కాంపౌండ్ గాఢత) ఇప్పుడు 900 దాటింది. టెన్షన్‌లో అందరూ ఫ్రీజ్ చేసి దాచిన కొత్త కణాలు కరిగిస్తారు, కణాలకు పోసే సీరం లాట్ మార్చేస్తారు. దయచేసి ఆగండి.

ముందు కంట్రోల్ కాంపౌండ్, అంటే కణాలను చంపుతుందని ముందే తెలిసిన స్టారోస్పోరిన్ లాంటిది, కొత్త వయల్ తెరిచి అదే ప్లేట్‌లో నడపండి. దాని కర్వ్ కూడా పక్కకు జరిగితే తేడా కణాల్లోనే ఉంది: పాసేజ్ నంబర్ (కణాలను ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చారో), ప్లేట్‌లోని ఒక్కో గుంతకి (వెల్) ఎన్ని కణాలు వేశారు, మైకోప్లాస్మా (కణాలకు సోకే బాక్టీరియా) పీసీఆర్ పరీక్ష చూసుకోండి. దాని కర్వ్ కదలకపోతే కణాలను వదిలేయండి, తేడా మీ స్టాక్‌లో, అంటే డీఎంఎస్ఓలో కరిగించి దాచుకున్న కాంపౌండ్‌లో ఉంది.

డీఎంఎస్ఓ అనే ఈ ద్రావకం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చెన్నైలో ఏడాది పొడవునా ఉక్కే, ఐప్పసి (అక్టోబర్-నవంబర్ తమిళ నెల) వానల్లో చెప్పనే అక్కర్లేదు. మైనస్ 20 నుంచి తీసిన వయల్‌ని చల్లగా ఉండగానే మూత తెరిస్తే లోపలి గోడలకు నీటి ఆవిరి పడుతుంది. ఇలా తెరిచిన ప్రతిసారీ ఇంకొంచెం నీళ్లు చేరతాయి. నీళ్లు చేరాక, జిడ్డు గుణం ఉన్న కాంపౌండ్లు కరిగి ఉండలేక అడుక్కి దిగిపోతాయి. మీరు పైనుంచి పైపెట్ చేస్తారు. లేబుల్ మీద 10 మిల్లీమోలార్ అనే ఉంటుంది, ప్లేట్‌లోకి వెళ్లేది అంత కాదు.

కనిపెట్టడం తేలిక. శుద్ధమైన డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మీ స్టాక్‌ని రాత్రంతా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచినా పొద్దున వయల్ వంచితే నీళ్లలా జారుతోందంటే, అది తేమ తాగిందని అనుమానించండి. గది వేడికి వచ్చాక వోర్టెక్స్ మీద గిరగిరా కలిపి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకోండి. పట్టుదారంలా మెరిసే పోగులు తిరుగుతుంటే కాంపౌండ్ బయటికి వచ్చేసినట్టే.

ఆ స్టాక్‌ని 37 డిగ్రీల్లో వేడి చేసి, సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో కదిపి) కాపాడాలని చూడకండి. కరిగినట్టు కనిపించినా ఎంత గాఢత ఉందో నమ్మలేం. పౌడర్ మళ్లీ తూచండి, తేమలేని డీఎంఎస్ఓలో కలపండి, ఒక్కసారికి సరిపడా చిన్న చిన్న వయల్స్‌లో పంచండి. ఫ్రీజర్ నుంచి తీశాక పూర్తిగా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. మిగిలింది తిరిగి ఫ్రీజర్లో పెట్టొద్దు. డైల్యూషన్లు కూడా డీఎంఎస్ఓలోనే చేసి, చివర్లో మాత్రమే కణాలు పెరిగే ద్రవంలోకి (మీడియా) మార్చండి.

కాంపౌండ్ ప్లాస్టిక్‌కి అంటుకోవడం, వెలుతురుకి విరిగిపోవడం లాంటివీ జరగొచ్చు. కొత్త స్టాక్‌తో కూడా కర్వ్ వెనక్కి రాకపోతేనే ఎల్‌సీ-ఎంఎస్‌కి (కాంపౌండ్ ఎంత ఉందో, చెడిపోయిందో కొలిచే పరీక్షకి) పంపండి.