తోలుబొమ్మ నిలువు దీపం: ఎంపిక, సంరక్షణ

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో, ఒకప్పుడు తెర మీద రామాయణం ఆడించడానికి బొమ్మలు చేసిన కుటుంబాలు ఇప్పుడు అదే మేకతోలుతో, అవే ఉలులతో దీపాల గొడుగులు కూడా చేస్తున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఈ దీపాన్ని ఇంటికి తెచ్చుకునేవారు, గొడుగు గుడ్డ కాదు, ప్లాస్టిక్ కాదు, తోలు అన్న సంగతిని అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాలి.

కొనేటప్పుడు తప్పనిసరిగా వెలిగించి చూడండి. ఆరి ఉన్నప్పుడు కాస్త మసకగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలుగు పడగానే విచ్చుకుంటాయి. నెమలి పింఛంలో ఉలితో కొట్టిన ఒక్కో రంధ్రం గోడ మీద ఒక్కో చుక్కగా పడుతుంది. చేత్తో చేసిన పనిలో పక్కపక్కనున్న రెండు నెమళ్లు అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉండవు. తోలును ఇనుప చట్రానికి బిగించిన కుట్లు ఎక్కడైనా వదులయ్యాయేమో వేలితో తడిమి చూడాలి.

అసలు జాగ్రత్త బల్బు దగ్గర ఉంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు తీసుకునే విద్యుత్తులో అత్యధిక భాగం వేడిగానే పోతుంది, ఆ వేడికి తోలు ఎండి, బిగుసుకుని, కుట్ల దగ్గర చీలుతుంది. అందుచేత 7 నుంచి 9 వాట్ల ఎల్ఈడీ బల్బునే వాడండి. 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుగు ఈ రంగులకు బాగా నప్పుతుంది. తెల్లని వెలుగులో అవి పాలిపోయినట్లు కనిపిస్తాయి. బల్బు ఎటువైపూ తోలును తాకకూడదు.

నేరుగా ఎండ పడే కిటికీకి, ఏసీ గాలికి, చెమ్మ పట్టే గోడకు దూరంగా నిలబెట్టండి. వానాకాలంలో తోలు చెమ్మను పీల్చి వదులవుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ రోజుల్లో కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం అవసరం.

దుమ్ము దులపడానికి మెత్తటి పొడి బ్రష్ చాలు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పైనుంచి కిందికి తేలికగా తుడవండి. తడిగుడ్డ మాత్రం వద్దు: మా ఇంట్లో ఒకసారి పండుగ హడావుడిలో తడిగుడ్డతో తుడిస్తే, సీతమ్మ చీర ఎరుపు కరిగి పక్కనున్న పసుపులోకి పాకింది. ఆ మరక ఈనాటికీ పోలేదు, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కొంతకాలం దాచవలసి వస్తే ప్లాస్టిక్ సంచిలో కట్టకుండా, పలచని నూలు బట్ట చుట్టి, మీద బరువేమీ పెట్టకుండా నిలువుగా ఉంచండి. తోలును తినే పురుగులుంటాయి కనుక నెలకొకసారి విప్పి, కుట్ల మధ్య, చట్రం మూలల్లో బ్రష్‌తో దులిపి, మళ్లీ చుట్టండి.